పాత ఊరి ఫాదర్ల స్కూలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

అడ్మిషన్ల కాలం కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలా భాగం స్కూళ్ల మీదే ఉన్నాయి. వాటిలోనూ విశాఖ పాత ఊళ్లోని సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ హైస్కూలు గురించి, మొత్తంగా ఫాదర్లు నడిపే మగపిల్లల హైస్కూళ్ల గురించి అడిగినవాళ్లే ఎక్కువ. కొందరు చరిత్ర అడిగారు, కొందరు సీటు సంగతి, ఇద్దరు ముగ్గురు తల్లులు తమ భయాలు రాశారు. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సెయింట్ అలోషియస్ స్కూలు బ్రిటిష్ ప్రభుత్వం కట్టించిందని మా తాతగారు అనేవారు. నిజమేనా? అసలు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?
– ఓ డిగ్రీ విద్యార్థి, మహారాణిపేట

జవాబు: కాదు తమ్ముడూ. పెట్టింది ప్రభుత్వమూ కాదు, ఇంగ్లిష్‌వాళ్లూ కాదు. 1847లో ఫ్రెంచి మాట్లాడే కతోలిక ఫాదర్లు పెట్టిన బడి అది. ఆల్ప్స్ కొండల పక్కన సవాయ్ అనే ప్రాంతం ఉంది, అందులో ఆనెసీ అని ఒక ఊరు. అక్కడ 1838లో పియేర్ మెర్మియే అనే ఫాదర్ ఒక మిషనరీ సంఘం స్థాపించి, దానికి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టారు. ఎం.ఎస్.ఎఫ్.ఎస్. అని ఇప్పటికీ వాళ్ల పేర్ల పక్కన కనిపించేది ఆ సంఘమే. మనం ఫ్రెంచి ఫాదర్లు అనేస్తాం గానీ అప్పటికి సవాయ్ ఇంకా ఫ్రాన్సులో లేదు, సార్డీనియా రాజ్యం కింద ఉండేది, 1860లో గానీ ఫ్రాన్సులో కలవలేదు.

1845లో రోమ్‌లోని పెద్దలు మద్రాసు పరిధి నుంచి విశాఖ ప్రాంతాన్ని విడదీసి ఈ కొత్త సంఘానికి అప్పగించారు. అప్పటికి సంఘం వయసు ఏడేళ్లు. అప్పగించిన ప్రాంతమేమో మన తీరం నుంచి అటు నాగపూర్ దాకా! సూయజ్ కాలువ తెరిచింది 1869లో, అంటే వీళ్లు వచ్చేనాటికి ఆ దగ్గర దారి కూడా లేదు. చిన్న బృందం ఒకటి ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి పుదుచ్చేరిలో దిగింది, అక్కడి నుంచి యానాం మీదుగా 1846 ఫిబ్రవరిలో విశాఖ చేరింది. మరుసటి ఏడాదికే బడి! భాష తెలీదు, ఎండ అలవాటు లేదు, చేతిలో పెద్దగా డబ్బు లేదు, అయినా గుడితో పాటే బడి గురించి ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవంగా ఉంటుంది.

ఎందుకు పెట్టారంటే, ఆ రోజుల్లో విశాఖలో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఉండేది. అందులో ఐర్లండ్ నుంచి వచ్చిన కతోలిక సిపాయిలు, పింఛను పుచ్చుకుని ఇక్కడే స్థిరపడ్డవాళ్లు, వాళ్ల కుటుంబాలు ఉండేవి. సోల్జర్‌పేట అని ఇప్పటికీ పిలుస్తున్నామే, ఆ చుట్టుపక్కలే. ఆ పిల్లలకి బడి కావాలి. మొదలు అక్కడ. తర్వాత 1890లలో రైలు వచ్చింది, రైల్వేలో డ్రైవర్లుగా, గార్డులుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, అంటే తండ్రి వైపు యూరప్ మూలాలున్న ఇక్కడి కుటుంబాలు, పెరిగాయి. 1933లో పోర్టు తెరిచారు, ఊరి రూపమే మారిపోయింది. ఊరు మారినప్పుడల్లా బడిలో కూర్చునే పిల్లలూ మారారు. ఆడపిల్లల సంగతి అడగలేదు గానీ చెప్తాను, 1849లో అదే ఆనెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు యానాంకి వచ్చారు, ఈ తీరంలో ఆడపిల్లల చదువుకి వాళ్లు చేసిన సేవ మీద విడిగా ఒక సంచికే వేయొచ్చు. జ్ఞానాపురంలో 1958లో మొదలైన సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాలకి వేరు అక్కడే ఉంది.

ఇంకొక్క మాట. మద్రాసు యూనివర్సిటీ పుట్టింది 1857లో. మన ఏవీఎన్ కాలేజీ 1860లో. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో. వీటన్నిటికంటే ఆ బడి వయసులో పెద్దది. మీ తాతగారు దొరల కాలం నాటి బడి అన్న అర్థంలో అని ఉంటారు, అందులో తప్పు లేదు.

ప్రశ్న: పేరులోనే ఆంగ్లో ఇండియన్ అని ఉంది. మేము తెలుగు హిందువులం. ఇలాంటి స్కూళ్లలో మా బాబుకి సీటు ఇస్తారా, లేక వాళ్ల వాళ్లకేనా?
– ఓ తండ్రి, మధురవాడ

జవాబు: నిరభ్యంతరంగా అప్లై చేయండి. ఈ విషయంలో రాజ్యాంగంలోనే ఒక ఆసక్తికరమైన ఏర్పాటు ఉంది, చాలామందికి తెలీదు. 337వ అధికరణం. స్వాతంత్ర్యానికి ముందు ఆంగ్లో ఇండియన్ స్కూళ్లకి ప్రత్యేక గ్రాంట్లు వచ్చేవి. వాటిని ఒక్కసారిగా ఆపేస్తే స్కూళ్లు మూతపడతాయని, మొదటి మూడేళ్లు అంతే ఇచ్చి, ఆ తర్వాత మూడేళ్లకోసారి పదేసి శాతం తగ్గిస్తూ, పదేళ్లకి పూర్తిగా ఆపేలా రాశారు. అయితే ఆ గ్రాంటు కావాలంటే ఒక షరతు పెట్టారు. ఏటా ఇచ్చే సీట్లలో కనీసం 40 శాతం ఇతర వర్గాల పిల్లలకి అందుబాటులో ఉంచాలి.

నా దృష్టిలో ఈ స్కూళ్ల చరిత్రలో అసలైన మలుపు ఇదే. 1947 తర్వాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండుకీ ఆస్ట్రేలియాకీ కెనడాకీ వెళ్లిపోయాయి. ఎవరి కోసం బడి పెట్టారో వాళ్లే ఊరు విడిచి వెళ్తుంటే బడి మూసుకోవాల్సింది పోయి నిండిపోయింది. పోర్టు గుమాస్తాల పిల్లలు, షిప్‌యార్డు కార్మికుల పిల్లలు, కురుపాం మార్కెట్లో వ్యాపారం చేసేవాళ్ల పిల్లలు, జాలరి పేటల పిల్లలు, ముస్లిం కుటుంబాల పిల్లలు, అందరూ ఒకే బెంచీ మీదకి వచ్చారు. పాత ఊళ్లో మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి పక్కపక్కనే ఉంటాయి కదా, ఆ చుట్టుపక్కల పెరిగిన పిల్లలకి ఇది వింతేం కాదు.

ఇక మైనారిటీ సంస్థ కాబట్టి 30వ అధికరణం ప్రకారం స్కూలు నడుపుకునే హక్కు వాళ్లది. కతోలిక పిల్లలకి కొంత ప్రాధాన్యం ఇస్తారు, అది న్యాయమే. మిగతా సీట్లకి పద్ధతేమిటో ఆఫీసులోనే అడగండి, బయట మధ్యవర్తులెవరైనా సీటు ఇప్పిస్తామంటే డబ్బు ఇవ్వకండి. అలాగే ఏ బోర్డో ముందే తెలుసుకోండి. ఒకప్పుడు మన దేశంలో ఇలాంటి స్కూళ్లు చాలావరకు కేంబ్రిడ్జి పరీక్షలు రాయించేవి, వాటి బదులు మన దేశానికే ఒక బోర్డు ఉండాలన్న ప్రయత్నంలోనే 1958లో ఇప్పటి ఐసీఎస్ఈ కౌన్సిల్ ఏర్పడింది. అందుకే ఫాదర్ల స్కూలంటే ఐసీఎస్ఈ అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. స్టేట్ సిలబస్‌తో నడిచేవి బోలెడు ఉన్నాయి, ఫీజు కట్టాక తెలుసుకుని టెన్షన్ పడేకంటే ముందే అడగడం మంచిది.

ప్రశ్న: బాబుని ఫాదర్ల స్కూల్లో వేస్తానంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. బైబిలు చదివిస్తారు, చర్చికి తీసుకెళ్తారు అంటున్నారు. ఆవిడకి ఏం చెప్పాలి?
– ఓ తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి, మనవడి మీద ప్రేమతో అడుగుతున్నారు. ఆవిడకి రెండు విషయాలు చెప్పండి. ఒకటి చట్టం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం పొందే ఏ విద్యాసంస్థలోనైనా తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని మతబోధకి గానీ ప్రార్థనకి గానీ రమ్మని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తోంది. రెండోది ఆచరణ. ఇలాంటి స్కూళ్లలో సాధారణంగా ఒక పీరియడ్‌లో కతోలిక పిల్లలు సత్యోపదేశానికి, అంటే వాళ్ల మతపాఠాలకి వెళ్తారు, మిగతావాళ్లకి అదే సమయంలో మోరల్ సైన్స్ ఉంటుంది. నిజం చెప్పడం, పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి, దొరికిన వస్తువు ఏం చేయాలి, ఇలాంటివి.

పొద్దున అసెంబ్లీలో ఒక ప్రార్థన ఉంటుంది, ఆవరణలో మరియమాత విగ్రహం ఉంటుంది, క్రిస్మస్‌కి పశువుల పాక కడతారు, పిల్లలు అందరూ కలిసి గడ్డి తెచ్చి పరుస్తారు. ఇవన్నీ ఉంటాయి, లేవని నేను చెప్పను. నేను చదువుకున్నదీ ఇలాంటి మగపిల్లల హైస్కూల్లోనే. మా ఇంట్లో పూజలు పూజల్లాగే ఉన్నాయి, అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు నల్లబట్టల్లోనే క్లాసులో కూర్చునేవాళ్లు, ఎవరూ ఏమీ అనలేదు. మీకు ఇంకా అనుమానం ఉంటే అడ్మిషన్ రోజున హెడ్మాస్టర్‌నే సూటిగా అడగండి, మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి. ఆవరణ ఒకసారి కళ్లారా చూస్తే సగం భయం పోతుంది.

ప్రశ్న: సి.వి.రామన్ మన విశాఖలో చదువుకున్నారట, నిజమేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, అక్కయ్యపాలెం

జవాబు: నిజమే బాబూ, అది కూడా ఈ సెయింట్ అలోషియస్‌లోనే. రామన్ గారు పుట్టింది 1888లో తిరుచిరాపల్లిలో. 1892లో వాళ్ల నాన్నగారు చంద్రశేఖర అయ్యర్‌కి మన ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది, కుటుంబమంతా ఇక్కడికి వచ్చేసింది. రామన్ గారు పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్, పదమూడేళ్లకే ఎఫ్.ఏ. పాసయ్యారు, అంటే ఇప్పటి ఇంటర్ అనుకో. 1902లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు, 1930లో నోబెల్ వచ్చింది. పదేళ్ల పిల్లాడిగా ఆయన రోజూ చూసింది మనం చూసే ఈ సముద్రాన్నే. తర్వాత రోజుల్లో సముద్రం ఎందుకు నీలంగా కనిపిస్తుందన్న ప్రశ్న పట్టుకునే ఆయన కాంతి మీద పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. ఆ ఆలోచన వచ్చింది 1921లో ఓడ మీద, మధ్యధరా సముద్రం చూసినప్పుడు, కాబట్టి మన బీచ్‌లోనే వచ్చిందని ఎవరైనా చెప్తే నమ్మకు. నువ్వు మాత్రం పాత ఊరు వెళ్లినప్పుడు ఆ బడి గేటు ముందు ఒకసారి ఆగి చూడు.

ప్రశ్న: అలోషియస్ అంటే ఎవరు? ఆ స్కూలు పెట్టిన ఫాదర్ పేరా?
– ఓ పాఠకుడు, చినవాల్తేరు

జవాబు: కాదండీ. పునీత అలోషియస్ గొంజాగా ఇటలీలో పెద్ద జమీందారీ కుటుంబంలో 1568లో పుట్టాడు. పెద్దకొడుకుగా ఆస్తీ హోదా అన్నీ తనకే రావాలి, అవన్నీ తమ్ముడికి వదిలేసి జెస్విట్లు అనే కతోలిక ఫాదర్ల సంఘంలో చేరాడు. 1591లో రోమ్‌లో ప్లేగు వచ్చినప్పుడు రోగులకి సేవ చేస్తూ, జబ్బు తగులుకుని జూన్ 21న చనిపోయాడు. అప్పటికి ఇరవై మూడేళ్లే. 1726లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు, ఆ తర్వాత చదువుకునే కుర్రవాళ్లకి పాలక పునీతుడు, అంటే వాళ్లని కాపాడే పునీతుడు అయ్యాడు. అందుకే ప్రపంచమంతా మగపిల్లల స్కూళ్లకి ఆ పేరు కనిపిస్తుంది. మంగళూరులోని సెయింట్ అలోషియస్ జెస్విట్లది, మన విశాఖది ఆనెసీ ఫాదర్లది, రెండూ ఒకటి కావు. ఎందుకో చాలామంది కలిపేస్తుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి బాగా సిగ్గరి. మగపిల్లలు మాత్రమే ఉండే స్కూల్లో ఇమడగలడా? లోపల రోజు ఎలా గడుస్తుంది? బెత్తం వాడతారని కూడా విన్నాను.
– ఓ తల్లి, సీతమ్మధార

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో రెండు ఉన్నాయి. ముందు మొదటిది.

ఈ స్కూళ్ల బలం ఏమిటని నన్నడిగితే ఇంగ్లిషూ కాదు, బిల్డింగులూ కాదు, రోజు గడిచే తీరు. గంట కొట్టగానే గ్రౌండులో ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోవడం, లైను కట్టి క్లాసుకి వెళ్లడం, వారానికోసారి డ్రిల్లు. పిల్లల్ని హౌసులుగా విడగొడతారు, ఒక్కోదానికి ఒక రంగు, ఒక కెప్టెను. ఇదేదో ఆటల కోసం అనుకుంటాం గానీ సిగ్గరి పిల్లలకి ఇది పెద్ద ఆసరా. క్లాసులో మాట్లాడని పిల్లాడు హౌస్ తరఫున రిలేలో పరిగెత్తాల్సి వస్తుంది, సామాన్లు మోయాల్సి వస్తుంది, పక్క క్లాసు పెద్దపిల్లలతో కలవాల్సి వస్తుంది. పేరు పెట్టి పిలిచేవాళ్లు నలుగురు తయారవుతారు.

మా బడిలో ఎలొక్యూషన్, అంటే నలుగురి ముందు స్పష్టంగా పలకడం నేర్పిన సార్ ఒకాయన ఉండేవారు. సాయంత్రం స్కూలు విడిచాక పిల్లాణ్ణి వరండా చివర నిలబెట్టి తను గ్రౌండు అవతల గోడ దాకా నడిచి వెళ్లేవారు. మైకు లేదు. మధ్యలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ల అరుపులు, సముద్రం వైపు నుంచి గాలి. పద్యం మొదలుపెడితే ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపేవారు, వినపడలేదని. మళ్లీ మొదటి నుంచి. అరిస్తే కూడా ఊరుకునేవారు కాదు, అరవకుండా వినిపించాలి. వినపడిన రోజున మాత్రం అంత దూరం నుంచే రెండు చేతులూ పైకెత్తి చూపించేవారు. నోరు తెరవని పిల్లలు ఆ వరండాలో నోరు తెరవడం నేను చూశాను. ఇప్పుడు మైకులున్నాయి, ఆ సార్ లేరు, కానీ అలాంటి ఒక్క మాస్టారు ఏ స్కూల్లో ఉన్నా మీ అబ్బాయికి చాలు. అందుకే స్కూలు చూడ్డానికి వెళ్లినప్పుడు బిల్డింగు చూడ్డంతో ఆగకండి, సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్లి ఎంతమంది టీచర్లు పిల్లలతో గ్రౌండులో ఉన్నారో చూడండి.

మగపిల్లలే ఉండే చోట కొన్ని ఇబ్బందులూ ఉన్నాయి, దాచను. ఆడపిల్లలతో మామూలుగా మాట్లాడటం ఆలస్యంగా వస్తుంది, కాలేజీలో మొదటి ఏడాది తడబడతారు. మెత్తగా ఉండే పిల్లాణ్ణి ఏడిపించడం కూడా జరుగుతుంది. ఇంట్లో అక్కచెల్లెళ్లు, చుట్టాల పిల్లలు ఉంటే మొదటిది పెద్ద సమస్య కాదు. రెండోదానికి మాత్రం మీరు కన్నేసి ఉంచాలి, బడికి వెళ్లనని మారాం చేస్తే బద్ధకం అనుకోకండి.

ఇక బెత్తం. పాత తరంలో చాలా స్కూళ్లలో ఉండేది, ఫాదర్ల స్కూళ్లలోనూ ఉండేది. ఆ దెబ్బల వల్లే బాగుపడ్డామని చెప్పుకునేవాళ్లు మన ఇళ్లలోనే ఉంటారు, నేను ఒప్పుకోను. బాగుపడింది చెప్పిన చదువు వల్ల, దెబ్బల వల్ల కాదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మైనారిటీ స్కూళ్లకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని ఎవరైనా వాదిస్తే, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ చూపించండి. తన సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించడం ఎవరు చేసినా నేరమే, అందులో ఏ బడికీ మినహాయింపు లేదు. తెలుగులో మాట్లాడితే ఫైను వేసే అలవాటు కూడా కొన్ని స్కూళ్లలో ఉండేది, ఎక్కడైనా ఇంకా ఉంటే తల్లిదండ్రులు కలిసి వెళ్లి వద్దని చెప్పాలి. ఇంగ్లిష్ నేర్పడానికి అమ్మ భాషకి వెల కట్టక్కర్లేదు.

ప్రశ్న: మా నాన్నగారు 1950లలో ఇలాంటి ఫాదర్ల హైస్కూల్లో చదివారు. ఆయన పోయాక ఆయన చదువుకున్న రోజుల గురించి తెలుసుకోవాలనిపిస్తోంది. ఏమైనా దొరుకుతాయా?
– రిటైర్డ్ ఉద్యోగి, పెదవాల్తేరు

జవాబు: దొరికే అవకాశం బాగానే ఉందండీ. ఏ స్కూలుకైనా అడ్మిషన్ రిజిస్టర్ ముఖ్యమైన రికార్డు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, వెళ్లిపోయిన తేదీ అందులో ఉంటాయి. హెడ్మాస్టర్ పేరున ఒక ఉత్తరం రాయండి. నాన్నగారి పూర్తి పేరు, స్కూల్లో వాడిన ఇంటిపేరు, తాతగారి పేరు, సుమారుగా ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చదివారో రాసి, ఆయన పాత సర్టిఫికెట్ ఏదైనా ఉంటే జిరాక్స్ జత చేయండి. పరీక్షల సమయంలో వెళ్లకండి, దసరా తర్వాత వెళ్తే ఆఫీసులో వాళ్లకి తీరిక ఉంటుంది. ఒక్కసారికి దొరక్కపోతే విసుక్కోకండి, మన తీరంలో ఉప్పుగాలికి ఇనప బీరువాలే తుప్పు పడతాయి, కాగితం ఎంతకాలం నిలుస్తుంది? నాన్నగారు కతోలికులైతే విచారణ చర్చిలో, అంటే ఆ ప్రాంతపు చర్చిలో, జ్ఞానస్నానాల రిజిస్టర్ కూడా చూడమని అడగొచ్చు.

రికార్డుల కంటే ముందు మాత్రం మనుషుల దగ్గరికి వెళ్లండి. నాన్నగారి క్లాస్‌మేట్లు ఎవరైనా ఉంటే ఎనభై దాటి ఉంటారు. ఈ ఆదివారమే వెళ్లి ఫోన్లో రికార్డు పెట్టి మాట్లాడించండి. ఏ సార్ ఏం చెప్పేవారు, మధ్యాహ్నం క్యారేజీలో ఏం తెచ్చుకునేవాళ్లు, స్కూలుకి ఏ దారిన నడిచి వెళ్లేవాళ్లు, ఎవరు గోల్‌కీపరు, ఇలాంటివి అడగండి. ఇవి ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. ఇంట్లో గ్రూప్ ఫొటో ఉంటే దాన్ని కూడా తీసుకెళ్లి, వరుసగా ఎవరెవరో అడిగి, పేర్లు ఒక కాగితం మీద రాసి ఫొటో వెనక అంటించండి. ఫొటో మీద మాత్రం పెన్నుతో రాయకండి, ఇంకు ముందుకి దిగుతుంది. ఒక కాపీ స్కూలుకి కూడా ఇవ్వండి, వాళ్ల దగ్గర ఆ ఏడాది ఫొటో లేకపోయి ఉండొచ్చు.